మూత్రం బాగానే వస్తోంది కదా, మరి కిడ్నీ ఎలా దెబ్బతింది?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు ఒక పల్లె. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. మా నాన్నకి 52 ఏళ్లు. కొబ్బరి, జీడి తోటల్లో కూలి పని. షుగరు లేదు. ఈమధ్య ఊళ్లో క్యాంపు పెట్టి రక్తపరీక్ష చేస్తే, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ 1.7 వచ్చింది, ఎక్కువేనన్నారు. నాన్న నమ్మట్లేదు. "మూత్రం ధారాళంగా వస్తోంది, రాత్రిపూట మూడుసార్లు లేస్తున్నాను, కిడ్నీ పాడైతే ఇంత ఎలా వస్తుంది?" అంటాడు. రోజుకి ఆరు లీటర్ల నీళ్లు తాగితే కిడ్నీలు కడిగినట్టు శుభ్రమైపోతాయని ఇరుగుపొరుగు చెప్తున్నారు. పొద్దున్నే కొండపిండాకు రసం, మధ్యాహ్నం కొబ్బరి బొండం ఇస్తున్నాం. సాయంత్రానికి కాళ్లు కాస్త ఉబ్బుతున్నాయి. మోకాళ్ల నొప్పులకి ఆర్‌ఎంపీ గారు వారానికోసారి సూది వేస్తారు. అసలు కిడ్నీ ఎలా పనిచేస్తుందో నాన్నకి అర్థమయ్యేలా చెప్పండి. నీళ్లు ఎంత తాగాలి? నాకూ తమ్ముడికీ కూడా ఈ జబ్బు వస్తుందా? — ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు చేయాల్సిన పని చెప్పేస్తాను. ఆ నొప్పుల సూది ఇవాళ్టి నుంచే ఆపించండి. కొండపిండాకు రసం, రోజూ కొబ్బరి బొండం, ఆరు లీటర్ల నీళ్లు కూడా ఆపండి. కిడ్నీ డాక్టరు చూసి, పొటాషియం, సోడియం పరీక్షలు చేయించేదాకా ఆ మూడూ వద్దు. ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే కిడ్నీ పని తెలియాలి. ఆ పని తెలిస్తే మీ నాన్నగారి అనుమానం కూడా తీరుతుంది. ఆయన అడిగింది చాలా మంచి ప్రశ్న. మీ సోంపేట, పలాస వైపు ఉద్దానం ప్రాంతంలో వేలమంది ఆ ఒక్క నమ్మకంతోనే, మూత్రం వస్తోంది కాబట్టి కిడ్నీ బాగున్నట్టే అనుకుని, ఏళ్లు పోగొట్టుకున్నారు.

గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. అందులో ఒక లీటరు, ఇంకాస్త ఎక్కువే, రెండు కిడ్నీలకు వెళ్తుంది. రెండూ కలిపి 300 గ్రాముల బరువు. అంత చిన్న అవయవానికి ఒంట్లో రక్తంలో ఐదో వంతు ఎందుకు? కిడ్నీ తను బతకడానికి వాడుకునేది అందులో కొంచెమే. మిగతాదంతా శుభ్రం కావడానికి వచ్చే రక్తం.

ఒక్కో కిడ్నీలో నెఫ్రాన్లు అనే చిన్న చిన్న వడపోత అరలు దాదాపు 10 లక్షలు ఉంటాయి. ఇవన్నీ తల్లి కడుపులో ఉండగానే తయారవుతాయి. పుట్టాక కొత్తది ఒక్కటి కూడా రాదు, ఉన్నవాటితోనే జీవితమంతా గడవాలి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. దాన్ని గ్లోమెరులస్ అంటారు. ఆ చుట్టకి ఒక వైపు రక్తం తెచ్చే నాళం, ఇంకో వైపు తీసుకుపోయే నాళం ఉంటాయి. రెండింటికీ బిగుసుకునే, సడలే శక్తి ఉంది. అందుకే లోపల ఒత్తిడి మామూలు సన్న నాళాల్లో ఉండేదానికి సుమారు రెట్టింపు ఉంటుంది, నిలకడగానూ ఉంటుంది. ఈ రెండు నాళాల సంగతి గుర్తుపెట్టుకోండి. మోకాళ్ల సూది దెబ్బకొట్టేది సరిగ్గా ఇక్కడే.

ఆ ఒత్తిడికి రక్తంలోని నీరు, ఉప్పులు, చక్కెర, యూరియా, క్రియాటినిన్ నాళం గోడలోంచి బయటికి వచ్చి, చుట్టూ ఉన్న బౌమన్ తొడుగులో పడతాయి. 1842లో ఇంగ్లండులో విలియం బౌమన్ అనే వైద్యుడు సూక్ష్మదర్శినిలో చూసి దీన్ని వివరంగా రాశాడు కాబట్టి ఆయన పేరే ఉండిపోయింది. రక్తకణాలు, ఆల్బుమిన్ లాంటి పెద్ద ప్రోటీన్లు మాత్రం ఆ గోడ దాటవు. గోడకి మూడు పొరలున్నాయి. వాటిలో ఏది చెడినా ప్రోటీను మూత్రంలోకి జారుతుంది, మూత్రం నురగ కడుతుంది. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించమని డాక్టర్లు పట్టుబట్టేది ఇందుకే.

ఇప్పుడు అసలు సంగతి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఇలా వడపోసిన నీరు నిమిషానికి 120 మిల్లీలీటర్ల చొప్పున, రోజుకి దాదాపు 180 లీటర్లు. ఒంట్లో ఉన్న ప్లాస్మా, అంటే రక్తంలో కణాలు పోగా మిగిలే ద్రవం, మూడు లీటర్లే. అంటే అదే ప్లాస్మా రోజుకి 60 సార్లు వడపోతకు వెళ్తోంది. మరి బయటికి వచ్చే మూత్రం ఎంత? లీటరున్నర, రెండు లీటర్లు. మిగతా 178 లీటర్లూ కిడ్నీ వెనక్కి తీసుకుంది. నూటికి 99 పాళ్లు. మూత్రం తయారుచేయడం కిడ్నీకి పెద్ద పని కాదమ్మా. దాని కష్టమంతా వెనక్కి తీసుకోవడంలోనే ఉంది.

ఇంత నీటిని తోడి మళ్లీ లోపలికి లాక్కోవడం దండగ పని అనిపిస్తుంది. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు మనం ఏం చేస్తాం? సామానంతా వాకిట్లో పెట్టి, కావలసినవి లోపలికి తెచ్చుకుంటాం. పనికిరానివి వాకిట్లోనే మిగిలిపోతాయి. కిడ్నీ పద్ధతి కూడా అదే. ఫలానాది విషం అని అది ముందుగా గుర్తుపట్టనక్కర్లేదు. వెనక్కి తీసుకోవాల్సినవేవో తెలిస్తే చాలు. నిన్నటిదాకా ప్రపంచంలో లేని కొత్త మందు మింగినా ఎక్కువ సార్లు ఒంట్లోంచి బయటపడుతోందంటే ఈ ఏర్పాటు వల్లనే.

ఈ వెనక్కి తీసుకునే పని నెఫ్రాన్‌లోని పొడవాటి సన్న గొట్టంలో జరుగుతుంది. గొట్టం మొదటి భాగంలోనే మూడింట రెండు వంతుల నీరు, ఉప్పు వెనక్కి వెళ్లిపోతాయి. చక్కెర మొత్తం ఇక్కడే వెళ్తుంది. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితేనే ఈ భాగం తట్టుకోలేక మూత్రంలోకి వదిలేస్తుంది. ఈ పనికి బోలెడు శక్తి, ఆక్సిజన్ కావాలి. అందుకే రక్తప్రసారం తగ్గినప్పుడు, ఒళ్లు ఎండిపోయినప్పుడు, విషపదార్థం తగిలినప్పుడు ముందు దెబ్బతినేది ఈ గొట్టాల కణాలే. ఉద్దానం కిడ్నీ జబ్బులో జరుగుతున్నది చాలా వరకు ఇదే. జబ్బు వడపోత చుట్టల్లో కాక, గొట్టాల్లోనూ వాటి మధ్య ఉండే కణజాలంలోనూ మొదలవుతుంది. అందుకే మూత్రంలో ప్రోటీను తక్కువ, మొదట్లో వాపు తక్కువ, నొప్పి అసలుండదు. జబ్బు చప్పుడు చేయకుండా ముదురుతుంది.

తర్వాత గొట్టం కిడ్నీ లోతుల్లోకి దిగి, హెయిర్‌పిన్‌లా వంపు తిరిగి పైకి వస్తుంది. దాని పేరు హెన్లే లూప్. దీని పనితనం వల్ల కిడ్నీ లోపలి భాగం రక్తం కన్నా నాలుగు రెట్లు గాఢంగా తయారవుతుంది. చివరి గొట్టం ఆ గాఢమైన చోటు గుండా కిందికి వెళ్తుంది. మనకి నీరు తక్కువైతే మెదడు రక్తం గాఢతలో నూటికి ఒకటి రెండు వంతుల తేడానే పసిగట్టి వాసోప్రెసిన్ అనే హార్మోన్ వదులుతుంది, దాహమూ వేయిస్తుంది. ఆ హార్మోన్ తగలగానే చివరి గొట్టం గోడల్లో నీటి దారులు తెరుచుకుంటాయి. నీరు గాఢత ఉన్న వైపుకి లాగేయబడుతుంది, మూత్రం చిక్కగా, పసుపుపచ్చగా, కొంచెంగా వస్తుంది. నీళ్లు ఎక్కువ తాగితే హార్మోన్ తగ్గి, దారులు మూసుకుపోయి, మూత్రం తెల్లగా ధారగా పోతుంది. ఈ నీటి దారులను కనిపెట్టినందుకు అమెరికా శాస్త్రవేత్త పీటర్ ఆగ్రేకి 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. నాకు కిడ్నీ గురించి ఎంత చదివినా ఆశ్చర్యం తీరని చోటు ఇదే. మండుటెండలో పొద్దంతా పని చేసిన మనిషిని, ఇంట్లో కూర్చుని చెంబుడు మజ్జిగ తాగిన మనిషిని ఒకే గొట్టం ఒకే నిలకడలో ఉంచుతుంది. రక్తంలో సోడియం ఇద్దరికీ 135 నుంచి 145 మధ్యే ఉంటుంది.

ఇక మీ నాన్నగారి లెక్కకి వద్దాం. 52 ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 1.7 అంటే వడపోత వేగం, రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ అని రాస్తారు, నిమిషానికి సుమారు 48 మిల్లీలీటర్లు. రోజుకి 69 లీటర్లు. 180 ఉండాల్సిన చోట 69కి పడిపోయింది. కానీ 69 లీటర్లలోంచి రెండు లీటర్ల మూత్రం రావడానికి ఏం అడ్డు? చక్కగా వస్తుంది. ఈజీఎఫ్ఆర్ 20కి పడినా వస్తుంది. కాబట్టి మూత్రం ఎంత వస్తోందన్నది చూసి వడపోత ఎలా ఉందో చెప్పలేం. డయాలసిస్ దగ్గరికి చేరినవాళ్లలో కూడా చాలామందికి మూత్రం వస్తూనే ఉంటుంది. వాళ్ల మూత్రంలో నీరుంటుంది, పోవాల్సిన చెత్త మాత్రం తగినంత ఉండదు.

రాత్రి మూడుసార్లు లేవడం ఆయన ధైర్యానికి ఆధారంగా చెప్తున్నారు. నేనైతే దాన్నే అనుమానిస్తాను. ఆరోగ్యమైన కిడ్నీ రాత్రిపూట మూత్రాన్ని చిక్కబరిచి, తెల్లారేదాకా మనల్ని పడుకోనిస్తుంది. రోజూ తిండి వల్ల తయారయ్యే చెత్తను బాగా చిక్కబరచగల కిడ్నీ అరలీటరు నీటిలో పంపేయగలదు. చిక్కబరిచే శక్తి పోయిన కిడ్నీకి అదే చెత్తకి దాదాపు రెండు లీటర్ల నీరు కావాలి. పగలూ రాత్రీ తేడా లేకుండా పలచగా పోస్తూనే ఉంటుంది. గొట్టాలు దెబ్బతిన్న జబ్బుల్లో ఇది తొలి గుర్తుల్లో ఒకటి. ఈ వయసులో ప్రోస్టేట్ పెరిగినా రాత్రిళ్లు లేవాల్సి వస్తుంది కాబట్టి స్కానింగ్‌లో అదీ చూడమనండి. అయితే పడుకునేముందు చెంబెడు నీళ్లు తాగిస్తున్నారేమో కూడా చూడండి.

క్రియాటినిన్ గురించి రెండు మాటలు. అది కండరాల్లో తయారయ్యే వ్యర్థం. వడపోత సగానికి పడిపోయేదాకా అది పెద్దగా పెరగదు. ఒకరికి 0.8 ఉన్నది 1.2 అయితే రిపోర్టులో నార్మల్ అనే రాస్తారు, కానీ ఆ మనిషి అప్పటికే మూడో వంతు వడపోత పోగొట్టుకున్నాడు. బక్కపలచటి కూలి మనుషుల్లో కండ తక్కువ కాబట్టి అంకె ఇంకా తక్కువగా కనిపించి మోసం చేస్తుంది. మరో వైపు, ఒక్క పరీక్షతో ఖాయం చేసుకుని బెంగపడటమూ తప్పే. ముందురోజు రాత్రి మాంసం తిన్నా, ఎండలో పనిచేసి ఒళ్లు ఎండిపోయి వచ్చినా, నొప్పుల సూది వేయించుకున్నా అంకె పెరుగుతుంది. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనడానికి మూడు నెలలకి పైగా తేడా నిలవాలి. సూది ఆపి, ఒకటి రెండు వారాలు ఆగి, మంచి విశ్రాంతి తీసుకున్న రోజున, ముందురాత్రి మాంసం, చేపలు లేకుండా మళ్లీ రక్తపరీక్ష చేయించండి. 1.7 కాస్తా 1.3కి దిగినా నేను ఆశ్చర్యపోను. దిగకపోతే కూడా అసలు అంకె ఎంతో తెలుస్తుంది.

ఆ సూది గురించి కోపంగానే చెప్తున్నాను. అందులో ఉండేది చాలాసార్లు డైక్లోఫెనాక్. మాత్రలైతే అదే, లేకపోతే ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్. వడపోత చుట్టకి రక్తం తెచ్చే నాళం గురించి పైన చెప్పాను కదా. ఎండకి చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ నాళం మూసుకుపోకుండా కిడ్నీ ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారుచేసుకుని దాన్ని తెరిచి ఉంచుతుంది. ఈ నొప్పి మందులు సరిగ్గా వాటి తయారీనే ఆపేస్తాయి. మోకాలిలో వాపు తగ్గేదీ అలాగే, కిడ్నీకి రక్తం తగ్గేదీ అలాగే. నీడపట్టున కూర్చునే ఆరోగ్యవంతుడు ఒకటి రెండు రోజులు వేసుకుంటే తట్టుకుంటాడు. ఏప్రిల్ ఎండలో తోట పని చేసి వచ్చి, సాయంత్రం ఆ సూది వేయించుకునే మనిషి కిడ్నీ రెండు వైపుల నుంచీ దెబ్బ తింటుంది. దానికి తోడు బీపీకి టెల్మిసార్టాన్ లాంటి మాత్ర, కాళ్ల వాపుకి నీరు పోయే మాత్ర కూడా వేసుకుంటుంటే ఈ మూడూ కలిసి కొన్ని రోజుల్లోనే కిడ్నీని పడగొట్టగలవు. నొప్పికి పారాసెటమాల్ వాడొచ్చు, మోతాదు డాక్టరు చెప్పినంత. ఆర్‌ఎంపీ గారితో తగువు పడక్కర్లేదు. క్యాంపు రిపోర్టు ఆయన చేతిలో పెట్టి, "కిడ్నీ తేడా ఉందట, ఇక ఈ సూది వద్దండీ" అనండి. ఊళ్లో ఇంకో పదిమందికి కూడా మేలు జరుగుతుంది.

ఆరు లీటర్ల నీళ్ల సలహా ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. కిడ్నీలో రాళ్లున్నవాళ్లకి అది మంచి సలహాయే. రోజుకి రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా తాగితే రాళ్లు మళ్లీ కట్టే అవకాశం తగ్గుతుంది. కొండపిండాకు కూడా మన పల్లెల్లో రాళ్ల కోసం వాడుతున్నదే. మీ నాన్నగారిది రాళ్ల జబ్బు కాదు. వడపోత వేగాన్ని నడిపేది రక్తం ఒత్తిడి, నాళాలు, మిగిలి ఉన్న నెఫ్రాన్ల లెక్క. నీళ్లు ఎక్కువ తాగితే వెనక్కి తీసుకోకుండా వదిలేసే నీరు పెరుగుతుంది అంతే, చెడిన గొట్టం బాగుపడదు. కెనడాలో మధ్యస్థ దశ కిడ్నీ జబ్బున్న 600 మందికి పైగా తీసుకుని, సగంమంది చేత ఏడాదిపాటు రోజూ అదనంగా నీళ్లు తాగించి చూశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. వడపోత తగ్గుదలలో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

లాభం లేకపోతే పోనీ, నష్టమేముంది అంటారేమో. ఉంది. బాగున్న కిడ్నీ కూడా గంటకి లీటరుకి మించి నీటిని బయటికి పంపలేదు. దెబ్బతిన్న కిడ్నీ చిక్కబరచలేనట్టే, బాగా పలచబరచనూ లేదు. తాగింది ఒంట్లో నిలిచి, సోడియం పలచబడి, తలనొప్పి, వాంతులు, మతి తప్పడం, ఫిట్స్ దాకా పోవచ్చు. అలాగని నీళ్లు తగ్గించేసి ఒళ్లు ఎండబెట్టడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఆయన కిడ్నీ నీటిని దాచుకోలేదు.

మరి ఎంత తాగాలి? వాపు, ఆయాసం లేనంతవరకు దాహాన్ని బట్టి తాగాలి. పని లేని రోజు రెండు, రెండున్నర లీటర్లు చాలామందికి సరిపోతుంది. తోటకి వెళ్లే రోజు చెమటకి పోయినంత అదనంగా తాగాలి. అది కనిపెట్టడానికి తేలిక దారి ఉంది. ఇంట్లో బరువు తూచే మిషను పెట్టండి. పనికి వెళ్లేముందు, తిరిగొచ్చాక, తడిబట్టలు విప్పి తూచుకోమనండి. కిలో తగ్గితే ఒక లీటరు నీరు ఒంట్లోంచి పోయిందని అర్థం, మర్నాడు పని మధ్యలో అంత ఎక్కువ తాగాలి. ఒకేసారి చెంబులకి చెంబులు కాకుండా గంటగంటకీ తాగాలి. అలాగే రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక బరువు రాసుకోమనండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కాళ్ల వాపు విషయంలో నీటికన్నా ఉప్పు పెద్ద దొంగ. కిడ్నీ రోజూ వడపోసే 180 లీటర్లలో ఉన్న ఉప్పంతా కూడితే కిలోన్నర దాకా ఉంటుంది. దాదాపు అంతా వెనక్కి తీసుకుని, మనం ఆ రోజు తిన్నంత మేరకే బయటికి పంపుతుంది. ఎంత పంపాలో చూసుకోవడానికి కిడ్నీ రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది, దాని వల్ల చివరికి ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ వచ్చి ఉప్పును నిలబెడుతుంది. ఉప్పు ఎక్కడ నిలిస్తే నీరు అక్కడ నిలుస్తుంది. 9 గ్రాముల ఉప్పు ఒంట్లో మిగిలితే లీటరు నీరు దానితో ఉండిపోతుంది. బీపీ పెరుగుతుంది, ఆ బీపీ మిగిలిన నెఫ్రాన్లను తినేస్తుంది. రోజుకి 5 గ్రాములు, అంటే టీ చెంచాడు ఉప్పుకి మించకూడదు. మన తీరప్రాంతపు వంటలో ఎండుచేపలు, ఆవకాయ, గంజిలో ఉప్పు, ఇవి చూస్తుండగానే ఆ గీత దాటిస్తాయి. కూరలో ఉప్పు తగ్గించి పక్కన ఊరగాయ వడ్డిస్తే తగ్గించినట్టు కాదు. సోడియం తక్కువ ఉప్పు అని అమ్మే ప్యాకెట్లు మాత్రం కొనకండి. వాటిలో సోడియం బదులు పొటాషియం కలుపుతారు.

కొబ్బరి నీళ్లతో వచ్చే ఇబ్బంది కూడా ఆ పొటాషియమే. ఉద్దానం అంటేనే కొబ్బరి తోటలు, బొండం వద్దంటే మీ నాన్నగారికి మనసు కష్టమవుతుందని తెలుసు. ఒక పెద్ద బొండం నీళ్లలో దాదాపు 600, 700 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపేది ప్రధానంగా కిడ్నీయే. అది పంపలేకపోతే రక్తంలో 5 దాటి, 6 దాటి, ఏ గుర్తూ చూపించకుండా గుండె లయ తప్పించగలదు. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి మాత్రలు వాడేవాళ్లలో అది ఇంకా త్వరగా పెరుగుతుంది. ఆ మాత్రలు కిడ్నీకి మంచివే, డాక్టరు రాస్తే మానకండి. ఆయన పొటాషియం నాలుగు దగ్గర ఉంటే అప్పుడప్పుడు బొండం తాగడానికి డాక్టరు ఒప్పుకోవచ్చు కూడా. పరీక్ష లేకుండా రోజూ ఇవ్వడమే వద్దంటున్నాను.

ఆకు పసర్ల గురించి క్లుప్తంగా. క్రియాటినిన్ దించుతుందని ఎవరు ఏ వేరు ఇచ్చినా వద్దనండి. ఈశ్వరి వేరు జాతి మొక్కల్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది, అది నేరుగా కిడ్నీ గొట్టాలను నాశనం చేస్తుంది. 1990లలో బెల్జియంలో బరువు తగ్గడానికి ఆ జాతి మూలిక కలిసిన మందు మింగిన ఆడవాళ్లు చాలామంది డయాలసిస్ పాలయ్యారు. కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం కూడా దొరుకుతున్నాయి.

ఉద్దానం జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటిదాకా ఒక్క కారణం తేలలేదు. భూగర్భజలంలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండవేడిమి, నొప్పి మందులు, వంశలక్షణం అన్నింటినీ పరిశోధకులు చూస్తూనే ఉన్నారు. శ్రీలంకలో అనురాధపురం వైపు వరి రైతుల్లో, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కోసే కూలీల్లో ఇలాంటి జబ్బే కనిపిస్తోంది. అన్నిచోట్లా ఎండలో ఒళ్లు వంచి పనిచేసే పేదలే ఎక్కువ. చెరకు తోటల్లో నీళ్లు, నీడ, మధ్యమధ్యలో విశ్రాంతి కల్పించిన చోట కూలీల కిడ్నీలకు మేలు కనిపించింది. మీ నాన్నగారికి నేను ఇచ్చే సలహా కూడా అదే. తెల్లవారుజామున పని మొదలుపెట్టి, పదకొండుకల్లా ఇంటికి రావాలి, మళ్లీ నాలుగు దాటాకే వెళ్లాలి. మేస్త్రితో మాట్లాడితే కుదిరే పనే. పురుగుమందు కొట్టే పని మాత్రం ఇక వద్దు. తాగడానికి వంశధార నీళ్లు, అదే హిరమండలం నుంచి పైపుల్లో వచ్చే నీళ్లు మీ ఊరికి అందుతుంటే అవే వాడండి, బోరు నీళ్లు మానండి.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. మీకు దగ్గర. అక్కడికో, ఇంకో కిడ్నీ డాక్టరు దగ్గరికో తీసుకెళ్లి, క్రియాటినిన్, సోడియం, పొటాషియం, హిమోగ్లోబిన్, తెల్లవారి మొదటి మూత్రంలో ఆల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి, కిడ్నీల స్కానింగ్, బీపీ చూపించండి. హిమోగ్లోబిన్ ఎందుకంటే, రక్తకణాలు తయారుచేయమని ఎముక మజ్జకి ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ ద్వారా కబురు పంపేది కూడా కిడ్నీయే. డాపాగ్లిఫ్లోజిన్ అనే మాత్ర షుగరు లేని కిడ్నీ రోగుల్లో కూడా జబ్బు వేగాన్ని తగ్గిస్తుందని 2020లో తేలింది. మీ నాన్నగారికి సరిపడుతుందా అని అడగండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున మాత్రం బీపీ మాత్రలు, ఈ మాత్ర కొనసాగించాలా అని వెంటనే ఫోన్ చేసి కనుక్కోండి. ఆయాసం వచ్చినా, మూత్రం బాగా తగ్గిపోయినా, మనిషి మత్తుగా ఉన్నా ఇంట్లో కూర్చోవద్దు.

చివరగా మీ ఇద్దరి సంగతి. తండ్రికి వచ్చినంత మాత్రాన పిల్లలకి వచ్చి తీరుతుందని లేదు. కానీ అదే ఊరు, అవే నీళ్లు, అదే రక్తం కాబట్టి నిర్లక్ష్యం పనికిరాదు. ఇద్దరూ ఏడాదికోసారి బీపీ చూపించుకుని, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోండి. రిపోర్టులో నార్మల్ అని ఉందా లేదా అన్నది కాదు, పోయినేటి అంకెకీ ఈయేటి అంకెకీ తేడా చూడండి. పాత కాగితాలు పారేయకుండా ఒక కవర్లో వరసగా పెట్టుకోండి. తమ్ముడు కూడా నాన్నతో తోట పనికి వెళ్తున్నట్టయితే, మీరు సెలవు పెట్టి వెళ్లేదాకా ఆగకుండా నాన్నతో పాటే పలాసకి పంపించండి.